ఎవులే ఆయమ్మ?

ఆదివారం రాత్రి, హల్దియాపదర్.

నెలలో నవల పూర్తి చేసే పోటీలో, మా గ్రూపులో అందరికంటే నేనే ముందున్నాను. ఆ హుషారుతోనే ఈ రోజు గంజాం వెళ్లి పిన్నికి ఒక అధ్యాయం చదివి వినిపించాను. బాబాయి సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని రాత్రి గురించి ఆవిడ ఎప్పుడో చెప్పిందే అది. కాకపోతే ఆవిడ 'ఏటి'లన్నీ 'ఏమిటి'లు చేశాను, మధ్యలో దొర్లే ఒడియా మాటలు తీసేశాను. పుస్తకమంటే అలాగే ఉండాలనుకున్నాను, బుద్ధి లేక.

పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పాపం, ఎవులే ఆయమ్మ? బాగా సదూకున్నట్టుంది. మొగుడు ఎనక్కొచ్చినాడేటి?"

నువ్వే పిన్నీ అనడానికి నోరు రాలేదు. అక్కడిదాకా ఇంకా రాయలేదన్నాను.

"అయితే ఒచ్చినట్టు రాయవే."

మొదటి పేజీ నుంచీ అంతా ఆవిడ మాటల్లోనే తిరగరాయాలి. పోటీ పోతే పోయింది. కానీ ఆ మాటలు వింటే పిన్ని తనని గుర్తుపట్టేస్తుంది. అప్పుడిక, వచ్చినట్టు రాయమని అడగదు...