సెనామే కారం పేరు ఎవరిది?

ఆక్రా, మంగళవారం.

సెనామే అక్కకు, ఇక్కడ అందరం కులాసా. కంగారు పడకు. కోపం మాత్రం నీ మీదే.

నువ్వు చేసే ఎండుచేపల కారానికి నీ పేరు రిజిస్టరు చేయిద్దామని నిన్న ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా కాగితాలు తిరగేసి, "ఈ పేరుకు పోయిన నెలే దరఖాస్తు పడింది" అన్నాడు. వేసింది ఎవరో కాదు, మన సీసాలకు లేబుళ్లు అచ్చువేసే అగ్బెకో.

"అది మా అక్క పేరండీ" అన్నాను.

"మీ అక్కగారే ఒప్పుకున్నారుగా. ఇదిగో సంతకం" అని చూపించాడు.

చూస్తే నీ వంకర సంతకమే. వాడేం చెప్పి పెట్టించుకున్నాడు? చదవకుండా సంతకం చెయ్యొద్దని నీకు ఎన్నిసార్లు మొత్తుకున్నాను?

అభ్యంతరం చెప్పడానికి ఇంకా గడువుంది. పాత లేబుళ్లు, బావ తీసిన దుకాణం ఫొటోలు వెతికి పెట్టు. చంటిదాని దగ్గు తగ్గిందా? ఇక్కడ మంచి ఎండు రొయ్యలు దొరకడం లేదు, రెండు డబ్బాలు కావాలి.

మోసపోయి సంతకం చేశానని నువ్వే వచ్చి చెప్పాలట. సిగ్గేసి రానంటావని నాకు తెలుసు. మోసం చేసినవాడు తలెత్తుకు తిరుగుతుంటే నీకెందుకక్కా సిగ్గు? శుక్రవారం బస్సెక్కు. స్టాండులో నిలబడి ఉంటాను.

బావకు నమస్కారం, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు మావుసి