చేనుకి దాచిన డీజిలు

మస్కట్‌లో ఉన్న మా ఆయన షబ్బీర్ గారికి, ఇంటి దగ్గర నుంచి నజ్మీన్ సలాం. అందరం క్షేమం అని రాయడం వాడుక. ప్రాణాలతో ఉన్నాం, అంతవరకు నిజం. మీ ఒంట్లో ఎలా ఉంది? రాళ్ళు కోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నారా?

మీతో పనిచేసే రంజాన్ చేత మీరు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. అతను శుక్రవారం తిరిగి అక్కడికే వస్తున్నాడు కాబట్టి ఇది అతని చేతికిస్తున్నాను. ఫోన్లో చెప్పలేను. ఉన్నది ఒకటే గది, అందులోనే మామయ్య మంచం. ఎంత మెల్లగా మాట్లాడినా ఆయనకి వినపడుతుంది.

తుఫానుకి మన సిద్దికా పుస్తకాలు తడిశాయా అని అడిగారు. తడిశాయి. పొయ్యి పక్కన ఆరబెట్టుకుని వాటితోనే బడికి వెళ్తోంది. వంటింటి మీద రేకులు లేచిపోతే పట్టా కట్టాం.

ఇన్వర్టరు బాగా పనికొచ్చిందా అని అడిగారు. పనికొచ్చింది. కానీ కరెంటు వచ్చేదాకా ఛార్జింగు సరిపోయిందని మీకు చెప్పాను చూడండి, అది అబద్ధం. కోప్పడకుండా చదవండి.

తుఫాను ముందురోజు పంచాయతీ వాళ్ళు మైకులో చెప్పారు, స్కూలుకి వచ్చేయమని. మామయ్య ఆక్సిజన్ మిషన్ అక్కడ ఎక్కడ పెట్టను? ఇంట్లో అయితే ఇన్వర్టరుంది కదా అని ఉండిపోయాం. ఆక్సిజన్ సిలిండరు నింపడానికి మార్టూరు పంపితే అది అక్కడే చిక్కుకుపోయింది. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. గాలి తలుపుని తోస్తుంటే సిద్దికా, నేను వీపులు ఆనించి నిలబడ్డాం. మధ్యాహ్నానికి ఇన్వర్టరు కీచుమని కూయడం మొదలుపెట్టింది. నూటఎనిమిదికి చేస్తే, వాగు రోడ్డెక్కిందమ్మా, బండి రాదు అన్నారు. తర్వాత సిగ్నల్ కూడా పోయింది.

నేను వానలో పడి పక్కింటి బాపయ్య బాబాయి తలుపు బాదాను. ఆయన ట్రాక్టరు తెచ్చి మన వసారా అంచున ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఇన్వర్టరు తీగలు ట్రాక్టరు బ్యాటరీకి తగిలించాడు. మిషన్ మళ్ళీ గురగురలాడింది. నేను గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చాను.

తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. మామూలుగా అయితే సంతోషించాలి. కానీ మిరపచేలో నీళ్ళు నిలబడి ఉండగా ఎండ కాస్తే మొక్క వాలిపోతుందని మీకు తెలుసు కదా. బాపయ్య బాబాయి చేలో మోకాటి లోతు నీళ్ళు. అవి తోడే ఇంజనుకని ఆయన డబ్బాల్లో డీజిలు దాచుకున్నాడు. ఆ డీజిలే రాత్రంతా మన కోసం ట్రాక్టరులో కాలింది. మిగిలింది ఒక్క డబ్బా. కరెంటు లేక బంకులు పనిచేయడం లేదు.

వెంకటరావమ్మ పిన్ని గుమ్మంలోకి వచ్చి మొగుణ్ణి అడిగింది. "చేను సంగతేంటి? కౌలు చేను, ఉన్నదంతా దాన్లోనే పెట్టాం." ఆమె తప్పుగా అడగలేదండీ. ఆ మాట మామయ్య విన్నారు.

విని, ముక్కులోంచి ట్యూబు లాగేసుకున్నారు.

"ఒరేయ్ బాపయ్యా, ఆ డబ్బా చేనుకి తీసుకుపోరా."

"నువ్వు నోరు మూసుకుని పడుకో హయాతూ."

"రాతి దుమ్ము తిని ఎప్పుడో పోయినవాణ్ణిరా నేను. నీ చేను నాకెందుకు?"

నేను ట్యూబు పెట్టాను. మళ్ళీ లాగేశారు. పెట్టాను, లాగేశారు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. గుడ్లు తేలేస్తూ కూడా చెయ్యి ట్యూబు మీదకే పోతోంది. సిద్దికా మూలన నిలబడి కేకలు పెడుతోంది.

ఏవండీ, అప్పుడు నేను మీ నాన్న చేతులు కట్టేశాను. నా చున్నీతో, రెండు చేతులూ మంచం పట్టెకి. మన నిఖా రోజున నా తల మీద పెట్టి దువా చేసిన చేతులు.

"నజ్మీనూ, వాడి అన్నం నాచేత తినిపిస్తున్నావే. వద్దమ్మా" అన్నారు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. నేనే తుడిచాను. విప్పలేదు.

బాపయ్య బాబాయి గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. చేను వైపు ఒకసారి చూశాడు. బయటికి వెళ్ళి ఆ ఆఖరి డబ్బా కూడా ట్రాక్టరులో పోశాడు. వెంకటరావమ్మ పిన్ని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం దాటాక వాగు తగ్గి, అంబులెన్సు సిలిండరు తెచ్చింది. అప్పుడు కట్లు విప్పాను. మణికట్ల మీద ఎర్రటి చారలు. అప్పటికే ఎండ కాచింది. బాబాయి చేనంతా వేడినీళ్ళు పోసినట్టు తలలు వేలాడేసింది. ఒక్క మొక్క తేరుకోలేదు.

మామయ్య మీతో ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని అడిగారు కదా. మీతోనే కాదు, ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను అన్నం కలిపి పెడితే తింటారు, నా మొహం చూడరు. బాబాయి రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. ఆయన రాగానే మామయ్య గోడవైపు తిరిగిపోతారు. ఆ తిరగడం చూడలేక నేను పెరట్లోకి పోతాను. నిన్న బాబాయి అక్కడికి వచ్చి, "మాట్లాడకపోతే పోయె అమ్మాయ్, ఊపిరి తీస్తున్నాడుగా" అన్నాడు. అని, మొహం తువ్వాలులో దాచుకున్నాడు. చేను కోసమో, స్నేహితుడి కోసమో నేను అడగలేదు.

నేను మంచిపని చేశానని మీరు రాయొద్దు. చెడ్డపని అని కూడా రాయొద్దు. బంగాళాఖాతంలో మళ్ళీ ఏదో లేస్తోందని టీవీలో చెబుతున్నారు. మామయ్య కూడా ఆ వార్త విన్నారు. మళ్ళీ ఆయన ట్యూబు తీసేస్తే నేను మళ్ళీ కడతానో, వదిలేస్తానో నాకు తెలియదు. రెండూ నావల్ల కావు.

సెలవు ఇస్తారో ఇవ్వరో, మీరు బయల్దేరి రండి. ఆయన మీ నాన్న. ఆ చేతులు పట్టుకోవాల్సింది మీరు.

ఇట్లు,
మీ సిద్దికా వాళ్ళమ్మ
నజ్మీన్