పడవలో తగ్గిన నాలుగు లీటర్లు

మదనపల్లె,
3 డిసెంబర్ 2025, బుధవారం.

చిరంజీవి తమ్ముడు మునిచంద్రకు,

అక్క వసుధ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మీ బావ, నేను, పిల్లలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ శ్వేతా ఎలా ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి, నిన్నటి నుంచి ఆరుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారీ ఎత్తలేదు కదా. చిన్నప్పుడు కోపమొస్తే గడ్డివామి వెనక దూరేవాడివి, ఇప్పుడు ఫోన్ వెనక దూరుతున్నావు. అందుకే కుప్పం బస్సులో వేసే ఈ అట్టపెట్టెలో సామానుతో పాటు ఉత్తరం కూడా పెట్టాను. సామాను కోసమైనా పెట్టె తెరుస్తావు.

ముందు పని మాట. పుంగనూరులో ఉమాపతి మేస్త్రీ నీ పడవ ఇంజన్ బాగుచేసి రేపు పంపిస్తానన్నాడు. బేరింగులు కాలిపోయి ఇంజన్ పట్టేసిందని ఆయన చెప్పినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ ఆదివారం చెరువు నడిమధ్యలో ఇంజన్ ఆగిపోయి, షికారుకొచ్చిన ఇరవై రెండు మందితో పడవ గాలికి మొరవ వైపు కొట్టుకుపోయిన వీడియో శ్వేత పంపింది. కట్ట మీదుగా నీళ్లు దూకే ఆ చోటికి ఇంకో నలభై అడుగులు ఉందనగా చేపలవాళ్లు పుట్టిలో వచ్చి తాడు వేశారు. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను.

ఇకమీదట ఆయిల్ నేనే మార్చుకుంటాను, ఎవరినీ నమ్మను అన్నావట. మార్చుకో. కానీ అది ట్రాక్టర్ కాదు నాయనా. ట్రాక్టరుకైతే కింద బోల్టు విప్పి, పళ్లెం పెట్టి, టీ తాగి వచ్చేసరికి ఆయిల్ అదే కారిపోతుంది. పడవలో ఇంజన్ కింద చెయ్యి కూడా దూరదు. ఒలికిన ఆయిల్ పడవ అడుగున చేరుతుంది, అడుగు నీళ్లు తోడే మోటారు దాన్ని కూడా కలిపి చెరువులో పోస్తుంది. ఇన్నేళ్లకు కాలవ నీళ్లూ వానలూ కలిసి నిండిన చెరువు, గొడ్లు తాగే నీళ్లు. అందుకని ఆయిల్‌ను పైనుంచే పీల్చాలి.

పీల్చే పంపులు మూడు రకాలు చూశాను. డ్రిల్లు మిషనుకు తగిలించేది నీకు వద్దే వద్దు, నీ చేతి దురుసు నాకు తెలుసు. బ్యాటరీది చిన్నగా ముద్దుగా ఉంది కానీ, చిక్కటి ఆయిల్ లాగితే వేడెక్కి ఆగిపోతోందని తిరిగి తెచ్చినవాళ్లు నా స్పేర్ పార్టుల అంగడికే ఇద్దరు వచ్చారు. నేను పంపింది చేత్తో గాలి లాగే డబ్బా పంపు. పిడి పది పదిహేనుసార్లు లాగి వదిలేస్తే ఆయిల్ తనంతట తనే డబ్బాలోకి వస్తుంది. డబ్బా మీద లీటర్ల గీతలున్నాయి, ఎంత తీశావో తెలుస్తుంది. గొట్టం గట్టిది ఎంచాను, మెత్తటిదైతే వేడికి నొక్కుకుపోతుంది. ఆయిల్ కొలత చూసే కడ్డీ ఉంది కదా, డిప్‌స్టిక్, అది తీసి ఆ రంధ్రంలోంచి గొట్టాన్ని అడుగు తగిలేదాకా దింపు. ఇంజన్ పది నిమిషాలు తిప్పి, ఆపి, కాసేపాగి లాగు. చల్లగా ఉంటే ఆ ఆయిల్ జిగురే, కదలదు.

ఫిల్టర్ విప్పడానికి బెల్టు స్పానర్ పెట్టాను, గొలుసుది ఆ సందులో పట్టదు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది, వేలితో తడిమి చూడు. కింద పరచడానికి ఆయిల్ పీల్చే గుడ్డలు కూడా ఉన్నాయి. పాత ఆయిల్ గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి నా అంగడికి పంపు, గట్టున పారబోశావంటే ఊరుకోను.

ఇంకొక్క మాట. పడవను గట్టు మీదికి లాగొద్దు. ఆయిల్ పోశాక కొలతను పడవ నీళ్ల మీద సమంగా తేలుతున్నప్పుడే చూడు. మర్చిపోయావో నా మీద ఒట్టే.

మునిస్వామన్నను ఏదో అంటున్నావని విన్నాను. ఇరవై ఏళ్లు మన ట్రాక్టర్ తోలిన మనిషి, నీ పడవ కూడా నడిపిపెడుతున్నాడు. నోరు జారకు.

నీ అక్క,
వసుధ


గుడుపల్లె,
5 డిసెంబర్, శుక్రవారం.

అక్కకు మునిచంద్ర నమస్కారాలు.

మాట్లాడితే అరుస్తానని ఫోన్ ఎత్తలేదు. రాతలో అరుపు వినపడదు కాబట్టి తిరుగు బస్సులో ఇది పంపిస్తున్నాను. పంపు బాగుంది. గొట్టం సరిగ్గా దిగింది. నువ్వు చెప్పినట్టే పడవ నీళ్ల మీద ఉండగానే చూస్తాను.

ఇంజన్ ఇచ్చేటప్పుడు ఉమాపతి ఒక సంగతి చెప్పాడు. విప్పినప్పుడు లోపల ఆరు లీటర్ల ఆయిలే ఉందట. ఎక్కడా కారిన గుర్తు లేదట. నీ అంగడి నుంచి వచ్చింది పది లీటర్ల డబ్బా. తక్కిన నాలుగు లీటర్లు ఏమయ్యాయి? పోసింది మునిస్వామన్న. ఆయిల్ యాడికి పోయిందన్నా అని అడిగితే, నేను తీసుకోలేదప్పా అన్నాడు. మరి ఎంత పోసినావు అంటే తల వంచుకుని నిలబడ్డాడు. రెండోసారి అడిగినా అంతే.

సరే, సోమవారం కాణిపాకం పోదాం, వినాయకుడి ముందర ప్రమాణం చేసి చెప్పు, నమ్మేస్తాను అన్నాను. నేను రానప్పా అన్నాడు. తీయనివాడికి ప్రమాణమంటే భయమెందుకక్కా? మన పక్క కాణిపాకం ప్రమాణానికి వెనక్కి తగ్గితే తప్పు ఒప్పుకున్నట్టేనని నీకు మాత్రం తెలియదా? ఊళ్లో అప్పుడే దొంగ అంటున్నారు. సోమవారం కూడా రాకపోతే నలుగురిలో నేనూ ఆ మాటే అంటాను. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఆయన్ని ఎవరూ బండి ఎక్కనివ్వరు. నాకేమీ సంతోషంగా లేదు. నాకు ట్రాక్టర్ నేర్పింది ఆయనే. కానీ ఇరవై రెండు మందక్కా. అందులో ఒకామె ఒడిలో ఆర్నెల్ల బిడ్డ.

ఆయిల్ మార్చిన రోజు నేను పడవ కాగితాల పని మీద కుప్పంలో ఉన్నాను. నువ్వు మా ఇంటికి వచ్చి, చెరువు దగ్గరే ఉన్నావు కదా. సోమవారం నువ్వూ రా. చూసింది చెప్పు. ఇంజన్ గురించి నువ్వు చెప్తే మదనపల్లె అంతా నమ్ముతుంది, నేను నమ్మనా?

నీ తమ్ముడు,
మునిచంద్ర


మదనపల్లె,
6 డిసెంబర్, శనివారం పొద్దున.

చిరంజీవి తమ్ముడు మునిచంద్రకు,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అందేసరికి అంగడిలో నా ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నారో తెలుసా? మునిస్వామన్న భార్య బయ్యమ్మ. ఆమె చూస్తుండగానే చదివాను. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, మునిచంద్రప్ప రాసిందేనా అని అడిగింది. అవునన్నాను.

రెండు దినాలుగా ఆయప్ప నోట్లో మెతుకు పెట్టలేదమ్మా, ప్రమాణానికి యాల పోవు అంటే గోడ సూస్తా కూసోనుండాడు, నీకేమన్నా చెప్పినాడా అని అడిగింది. నాకేం తెలుసు బయ్యమ్మా అన్నాను. కాఫీ తెప్పిస్తే ముట్టలేదు. బస్సు వేళయిందని లేచి, మెట్ల మీద ఆగి, మావోడు దొంగ కాదమ్మా అని ఇంకోసారి చెప్పి పోయింది. ఆ కాఫీ అట్లాగే చల్లారిపోయింది.

సోమవారం నేను రాలేను. అంగడిలో సరుకు దిగుతుంది. మోకాలి నొప్పి కూడా ఎక్కువైంది, ఘాట్ రోడ్డులో కూర్చోలేను. మీ బావకు కూడా ఊళ్లో ఉండే వీలు లేదు. అయినా నాలుగు లీటర్ల ఆయిల్ కోసం దేవుడి దాకా పోవాలా? ఇంజన్ బాగైంది కదా, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు కదా. పెద్దమనిషిని ఆ గుడి మెట్ల దగ్గర నిలబెట్టి నువ్వేం బావుకుంటావు? నా మాట విని ఇంతటితో వదిలేయ్. కొన్ని సంగతులు తవ్వకుండా ఉంటేనే ఇంటికి మంచిది. అక్కగా అడుగుతున్నాను, ఎప్పుడైనా నిన్ను ఏమైనా అడిగానా?

శ్వేతను అడిగానని చెప్పు.

నీ అక్క,
వసుధ

తా.క. కవరు అంటించాను. అంటించి, బస్టాండుకు పోదామని చెప్పులు వేసుకున్నాను. మళ్లీ వచ్చి చించి ఇది రాస్తున్నాను.

మునిస్వామన్న ఆయిల్ తీయలేదు. పోయనివ్వనిది నేను.

ఆయిల్ మార్చిన ఆరోజు పంపు కొందామని ఆయన ముందే అన్నాడు. ట్రాక్టరుకు లేని పంపు పడవకెందుకన్నా అని నేనే నవ్వాను. నీళ్లలో పడవ ఊగుతుంటే పని కాదు, ఆయిల్ చెరువులో పడుతుందని, ట్రాక్టర్‌తో పడవను గట్టు మీదికి లాగించింది నేను. అక్కడ పడవ ముక్కు పైకి లేచి నిలబడింది. ఆయిలంతా వెనక్కి పోయింది, డిప్‌స్టిక్ ఉన్నదీ వెనకే. ఆరు లీటర్లు పోసి చూస్తే నిండుగా చూపించింది. చాలన్నాను. పుస్తకంలో పది అని ఉండాదమ్మా, ఈ వాలు మీద సూస్తే ఎట్లా, నీళ్లలోకి దింపి సూస్తాం అని ఆయన రెండుసార్లు అన్నాడు. కూలివాళ్లు చూస్తున్నారు. నేను పుట్టినప్పటి నుంచి ఇంజన్లు చూస్తున్నాను, నాకు చెప్తావా అని అందరిముందూ గదిమాను. మిగిలిన నాలుగు లీటర్లు దుమ్ములో పాడవుతాయని డబ్బాతో సహా నా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పడవ నీళ్ల మీద సమంగా నిలబడేసరికి ఆ ఆరు లీటర్లు ఇంజన్‌కు ఏ మూలకు చాలుతాయి!

పడవ ఆగిపోయిన రోజు ఆయనే నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. అమ్మా, కొలత తప్పింది అన్నాడు, అంతే. నేను ఏడ్చి, అన్నా, ఎవరికీ చెప్పొద్దు, నీకు దండం పెడతాను అన్నాను. పద్నాలుగేళ్ల కిందట ఈ అంగడిలో కూర్చున్నప్పుడు, ఇంట్లో మగోళ్లు లేరామ్మా అని అడిగి వెనక్కి పోయినవాళ్లే ఇప్పుడు వసుధమ్మ చెప్తే సరే అంటున్నారు. ఒక్క డిప్‌స్టిక్ కూడా చూడడం రాదన్న మాట పుడితే ఎట్లా అని భయపడ్డాను. చెప్పనులేమ్మా అని ఆయన మాటిచ్చాడు.

ఇప్పుడు తెలిసిందా ప్రమాణానికి ఎందుకు రానన్నాడో? స్వామి ముందర నిలబడితే నిజం చెప్పాలి. చెప్తే నాకిచ్చిన మాట పోతుంది. అందుకని దొంగ అనిపించుకోవడానికే తలవంచాడు. నేనేమో బయ్యమ్మ కళ్లలోకి చూసి తెలియదన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానురా.

ఈ ఉత్తరం ఎనిమిది గంటల బస్సులో ముందు వస్తుంది, నీ ముఖం చూస్తూ ఇదంతా చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి. నేను పది గంటల బస్సుకు వస్తున్నాను, ఆ నాలుగు లీటర్ల డబ్బా తీసుకుని. నువ్వు బస్టాండుకు రావద్దు. నేను ముందు మునిస్వామన్న ఇంటికి పోవాలి.