పాపను ఇప్పుడే తీసుకురావద్దు

అక్కా,

నా నడుము సంగతి నీ దగ్గర దాచలేను. డాక్టరు బల్లమీది ప్లాస్టిక్ వెన్నెముకను వంచి చూపించాడు. ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు పక్కకు ఉబ్బి, పచ్చరంగు నరాన్ని నొక్కుతోంది.

"కాలిదాకా లాగేది ఇందుకేనమ్మా. బరువులు ఎత్తకు," అన్నాడు.

"మా పాపనో?"

"కొన్నాళ్లు వద్దు."

ఎన్నాళ్లని అడిగితే మందుల చీటీ రాసి చేతికిచ్చాడు. రోగులను లేపి కూర్చోబెట్టే నా ఉద్యోగం పోయినట్టే. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

బావగారికి దగ్గు తగ్గిందా? పాపను ఇప్పుడే తీసుకురావద్దు. అది చేతులు చాచి పరిగెత్తుకొస్తే నేను ఆగలేను. నా కోసం ఏడిస్తే, అమ్మకు పని తెమలడం లేదని చెప్పు. నా బదులు నువ్వే ఎత్తుకుని కాసేపు తిప్పు. పెద్దవాళ్లకు నమస్కారాలు.

నీ చెల్లెలు