తారాజువ్వకి నత్తి పోయింది

ప్రియమైన కొండమీది దొరసానికి,

నీ వాతావరణ కేంద్రంలో బెలూన్లు సరిగ్గా ఎగురుతున్నాయా? ఎక్కడ తుఫాను పుట్టిందో లోకానికంతా చెప్పే మనిషివి, మనింట్లో పుట్టినదాని సంగతి కూడా విను.

తారాజువ్వ మళ్ళీ వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో నీకు గంటల తరబడి చెప్పి విసిగించానే, ఆ బొమ్మల వీరుడే. ఇప్పుడు కొత్త బొమ్మలు, కొత్త గొంతు. శుక్రవారం దుకాణం వెనకగదిలో కళ్ళద్దాలు అరగదీసే యంత్రం కట్టేసి, ముందే ఇంటికొచ్చేశాను. నేనూ, వాగుడాపని మన కూతురు వసపిట్టా టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం.

నా తారాజువ్వకి నత్తి కదా. దొంగని చూసి "ఆ... ఆ... ఆ..." అంటూ ఉండగానే వాడు వీధి చివరికి చేరేవాడు. ఈయన ఎగిరి వెళ్ళి వాడి కాలర్ పట్టుకుని, అప్పుడు తీరిగ్గా "...గు!" అనేవాడు. క్లాసులో హాజరు పలకలేక గుడ్లప్పగించి నిలబడే నాకు, నాలాంటివాడు ఇంకొకడున్నాడని, పైగా వాడు ఎగరగలడని చెప్పింది ఆ బొమ్మే.

ఈ కొత్తవాడికి మొదటి భాగంలోనే నత్తి పోగొట్టేశారు. ఎలాగంటావా? వాడి వెంట తిరిగే చిన్నపిల్ల ఉంది, మిణుగురు. ఆ పిల్ల నోరు మూసుకుని కూర్చుంటుందట. అది మాట్లాడని మాటలన్నీ వెలుగై వీడి గొంతులోకి దూరతాయట. ఆఖర్న వీడు జనం ముందు గడగడా ఉపన్యాసం దంచాడు. ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. తయారుచేసిన కంపెనీకి నాలుగు పేజీలు రాసి పడేశాను. నవ్వకు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా ఇద్దరిలో ఒకడు వెళ్ళిపోయినట్టుంది.

ఇట్లు,
నీ తలమాసిన మొగుడు


శ్రీవారికి,

మీ ఉత్తరం సామాన్ల జీపులో వచ్చింది. గాలివేగం రాసుకోవాల్సిన దాన్ని ముందు మీ గోడు చదువుకున్నాను. నవ్వలేదు. సరే, "...గు" దగ్గర కొంచెం నవ్వాను. నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉంటారు గానీ, కలం పట్టుకుంటే మిమ్మల్ని ఆపేవాళ్ళుండరు. నేను మిమ్మల్ని చేసుకుంది ఆ ఉత్తరాలు చూసే కదా. ఆ కొత్తవాడి ఉపన్యాసం నాకొద్దు. ఎవరికి కావాలో వాళ్ళనే వినమనండి.

అది సరే, వసపిట్టకి ఏమైంది? ఆదివారం ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. టీవీ కట్టేశారని అలిగిందా? ఆ పిల్ల అలిగినా మాట్లాడుతూనే అలుగుతుందే! ఒకసారి గొంతు చూపించండి.

ఉంటాను,
మీ దొరసాని


ప్రియమైన నీకు,

అలక కాదు. వసపిట్ట ఎవరితోనూ మాట్లాడటం లేదు. బళ్ళో టీచరమ్మ పిలిపించి చెప్పింది, క్లాసులో ఏది అడిగినా తల ఊపుతుందట, లేకపోతే పలక మీద రాస్తుందట. ఇంట్లోనూ అంతే. తింటుంది, ఆడుకుంటుంది, నా పక్కనే పడుకుంటుంది. పెదాలు మాత్రం కుట్టేసినట్టు బిగించి ఉంచుతుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొంతు శుభ్రంగా ఉందన్నాడు. "ఇంట్లో ఎవరికైనా మాట ఇబ్బంది ఉందా?" అన్నాడు. జవాబు చెప్పడం మొదలుపెట్టాను. పూర్తి కాకముందే ఆయనకి అర్థమైపోయింది.

నా జబ్బే దానికి వచ్చింది. ఎక్కడో మాట తట్టుకుని ఉంటుంది, భయపడి నోరే మూసేసుకుంది. చిన్నప్పుడు నేనూ అలాగే చేసేవాణ్ణి. నీ కళ్ళు వచ్చాయి, నీ జుట్టు వచ్చింది, సంతోషం. ఇదొక్కటీ నా దగ్గరే ఆగిపోతే ఏం పోయింది?

ధైర్యం వస్తుందని పాత తారాజువ్వ డిస్కు తీసి పెట్టాను. వాడు "ఆ... ఆ..." అన్నప్పుడల్లా తెర వంక కాదు, నా వంక చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఇక ఏం పెట్టను, ఎవరికి చూపించను? కంపెనీవాళ్ళు జవాబుగా ఒక స్టిక్కరు పంపారు. కొత్తవాడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. చించి పారేశాను. చేతనైంది అదొక్కటే.

నీ


ఏమండీ,

కంగారు పడకుండా చదవండి. దానికి నత్తి రాలేదు.

మొన్న ఆదివారం ఫోన్ దానికిమ్మని, మిమ్మల్ని వరండాలోకి వెళ్ళమన్నాను కదా. "నువ్వు మాట్లాడొద్దులే తల్లీ. అవునంటే ఒకసారి కొట్టు, కాదంటే రెండుసార్లు" అన్నాను. రిసీవర్ మీద వేలితో కొట్టింది. భయమా అంటే రెండు. కోపమా అంటే రెండు. నాన్న కోసమా అంటే గట్టిగా ఒకటి.

ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. బడి అయ్యాక దుకాణంలో మీ పక్కన స్టూలు మీద కూర్చుంటుంది కదా. ఎవరో కళ్ళజోడు కోసం వచ్చి, మీరు మాట్లాడుతుంటే మిమ్మల్ని అనుకరించి నవ్వారా అంటే ఒకటి. నాన్న కూడా నవ్వేశాడా అంటే ఒకటి. అప్పుడు నాకు ఆ మిణుగురు గుర్తొచ్చింది. "నువ్వు మాట్లాడకపోతే ఆ మాటలన్నీ నాన్న గొంతులోకి వెళ్తాయనా?" అన్నాను. ఒకటి, ఒకటి, ఒకటి... కొడుతూనే ఉంది.

అవి కథలోనే జరుగుతాయని చెప్పాను. రెండుసార్లు కొట్టి పెట్టేసింది. అమ్మకేం తెలుసు, అమ్మ కొండమీద ఉంది అనుకుని ఉంటుంది. కింద దారిలో చరియలు విరిగిపడ్డాయి, నేను దిగలేను. జీపువాడు ఆ చరియల దాకా నడిచొచ్చి ఉత్తరాలు మాత్రం పట్టుకెళ్తున్నాడు. మీరే చెప్పాలండీ. నాకు తెలుసు, చెప్పమనడం ఎంత తేలికో.

మీ


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం చదివి వెనకగదిలో తలుపేసుకుని ఏడ్చాను.

ముందు రెండో భాగం చూపిద్దామనుకున్నాను, మిణుగురుకి గొంతు తిరిగొస్తుందేమోనని. నేనొక్కణ్ణే పెట్టుకుని చూశాను. రాలేదు. ఊరంతా చేరి ఆ మూగపిల్లకి సన్మానం చేశారు. కట్టేశాను.

ఇక నేనే చెప్పాలి. "నువ్వు మాట్లాడు తల్లీ." మూడు మాటలు. అద్దం ముందు నిలబడి మధ్యాహ్నమంతా సాధన చేశాను, బానే వచ్చింది. ఇంటికెళ్ళి దాని ముందు కూర్చున్నాను. "ను" దగ్గరే మాట ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాదు. అది నా మొహం చూసి, తను ఇచ్చిన మాటలు నాకింకా సరిపోలేదనుకుని పెదాలు మరింత బిగించింది. నా చెయ్యి నిమిరింది కూడా. నేను ఆపమనడానికి నోరు తెరిచిన ప్రతిసారీ, ఆపకూడదని దానికి రుజువు దొరుకుతోంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పు.

మర్నాడు సాధన మానేశాను. పొద్దున్నే జడ వేస్తూ, ఎలా వస్తే అలా చెప్పడం మొదలుపెట్టాను. నా మాట ఇలాగే ఉంటుంది, నువ్వు ఎన్నాళ్ళు నోరు మూసుకున్నా ఇలాగే ఉంటుంది, నీ మాటలు నాకొద్దు, నీ దగ్గరే ఉంచుకో, నాకు వినడానికి కావాలి. ఇక్కడ రాస్తే ఒక్క వాక్యం. అక్కడ రెండు జడలూ పూర్తయ్యాయి, విప్పి మళ్ళీ వేశాను, అప్పటికి గానీ పూర్తి కాలేదు. బడికి ఆలస్యమైపోయింది. అది కదల్లేదు.

తర్వాత వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది, ముందు నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది.

"మరి వాళ్ళు నవ్వితే, నాన్నా?"

ఏం చెప్పమంటావు? ఎగిరి వెళ్ళి వాళ్ళ కాలర్ పట్టుకుంటాననా? నవ్వరులే అని అబద్ధమాడదామన్నా, అదీ నోటికి రావాలి కదా.

"న... న... నవ్వుతారు" అన్నాను.

ఆ మాట పూర్తయ్యేదాకా వసపిట్ట కదలకుండా కూర్చుంది.

నీ,
వసపిట్ట నాన్న