పసుపు జెండాల దగ్గర ఉల్లికాడలు

ఫార్మింగ్టన్ హిల్స్,
మే 4, ఆదివారం.

చిరంజీవి ఉజ్వలకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను, నాన్న, ఫ్రిజ్‌లో పెరుగు తోడు, ముగ్గురమూ క్షేమం. అక్కడ కాలిఫోర్నియాలో నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. తినకపోతే ఇవాళ చెప్పకు, నేను మంచి హుషారులో ఉన్నాను.

ఎంత హుషారంటే, నిన్న అడవి నుంచి వచ్చేటప్పుడు కార్లోనే ఈ ఉత్తరం మనసులో నాలుగుసార్లు రాసేశాను. "ఫోన్ చేసి చెప్పొచ్చు కదా" అన్నారు నాన్న. ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. అదీగాక, తెలుగు చదవడం మర్చిపోతున్నానమ్మా, ఉత్తరాలు రాయి అని అడిగింది నువ్వే. దీంతోపాటు మడతపెట్టిన కాగితం ఒకటి పెట్టాను. నీ థీసిస్‌కి కావలసిన ఏడో ఏటి లెక్క అందులో ఉంది. ఉత్తరమంతా చదివాకే విప్పాలి, నామీద ఒట్టు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న మోకాలు నయం. వింటర్ టైర్లు మాత్రం ఇంకా మార్చలేదు, మిషిగన్ మంచుని నమ్మకూడదట. రాఘవులు అంకుల్ నీ కోర్సు గురించి ఇంకా వేళాకోళం చేస్తున్నారా అని అడిగావు. మానేశారు. నిన్నటి నుంచి ఆయనే దొరికినవాళ్ళందరికీ నీ కోర్సు పాఠం చెబుతున్నారు! ఇక మూడోది, మొదటి గడిలో రెండువందల పది మొక్కలని ఫోన్లో చెప్పాను కదా, ఆ అంకె సరైనదేనా, ఏ రోజున లెక్కపెట్టావు అని అడిగావు. వస్తున్నాను, దాని దగ్గరికే వస్తున్నాను.

నువ్వు హైస్కూల్లో ఉండగా మీ బయాలజీ టీచర్ డోరతీ గారి అడవిలో నాలుగు గడులు కొలిచి, వాటి మూలల్లో పసుపు జెండాలు పాతావు. వాగుకి ఈవల రెండు, ఆవల రెండు. ఆ రోజు నీ వెనకాల టిఫిన్ డబ్బా పట్టుకుని తిరిగింది నేనే. మంచు కరగగానే మొలిచే అడవి ఉల్లికాడలు, వెడల్పాటి ఆకులు, ఉల్లీ వెల్లుల్లీ కలిసిన వాసన. విత్తనం పడితే చేతికి రావడానికి ఏడేళ్ళు పడుతుందన్నావు. షాపులో ఏడు నిమిషాల్లో దొరికేదానికి ఏడేళ్ళెందుకే అని నవ్వాను. అప్పుడు నువ్వు అన్నం ప్లేట్ పక్కన పెట్టి మరీ చెప్పావు. "అమ్మా, ఎవ్రీ ఇయర్ పెరిగినంతే తీసుకుంటే అది ఎప్పటికీ ఉంటుంది. ఎక్కువ తీసుకుంటే ఫస్ట్ ఎవరికీ తెలీదు. తెలిసేటప్పటికి టూ లేట్." అదే చదువు చదువుతానన్నప్పుడు నాన్న జాబ్స్ ఉంటాయా అని అడిగారు. నేనేమో ఆకులు లెక్కపెట్టే చదువన్నాను. ఆ మాటకి ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను తల్లీ.

రెండు వారాల కిందట నువ్వు చెప్పినట్టే కాగితం, పెన్సిలు తీసుకుని అడవికి వెళ్ళాను. జెండాలున్నాయి. మొక్కలు లేవు. వాగుకి ఈవల రెండు గడులూ గుంతలు గుంతలుగా ఉన్నాయి. ఆ గుంతలు ఎవరు తవ్వారో నాకు వెంటనే తెలిసిపోయింది. మన గోంగూర గ్యాంగే, ఇక్కడి మన తెలుగు కుటుంబాలవాళ్ళే. పోయినేడు మే నెలలో, నువ్వు లెక్కపెట్టి వెళ్ళిన వారానికే, చిన్న పారలు పట్టుకుని వచ్చి, మార్కెట్లో కట్టలు కొన్నట్టు వేళ్ళతో సహా లాక్కుపోయారు. మనకి ఉల్లికాడంటే కింద గడ్డ ఉండాల్సిందే కదా.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. రెండు రోజులు పప్పులో ఉప్పు వేయడం కూడా మర్చిపోయాను. మూడోరోజు లేచి పన్నెండు కుటుంబాలకీ మెసేజ్ పెట్టాను, శనివారం డోరతీ గారి అడవిలో పిక్నిక్ అని. నిన్న అందరూ వచ్చారు. రష్మి అయితే మళ్ళీ పార, రెండు సంచులు తెచ్చుకుంది!

పడిపోయిన చెట్టు మొద్దు ఎక్కి నిలబడ్డాను. మీ అమ్మ ఎప్పుడైనా స్పీచ్ ఇచ్చిందా? ఇచ్చింది. "మన పన్నెండు ఇళ్ళలో పెరుగు ఒక్క తోడులోంచి వచ్చిందే. డిసెంబర్లో మా తోడు పాడైతే మంచులో డ్రైవ్ చేసుకుని రష్మి ఇంటికెళ్ళి ఒక చెంచా తెచ్చుకున్నాను. ఆ రోజు వాళ్ళు గిన్నె అంతా ఊడ్చి తినేసి ఉంటే? ఇక్కడ మనం గిన్నె ఊడ్చేశాం" అన్నాను.

రష్మి మొహం వాడిపోయింది. "అయ్యో అక్కా, ఏర్లతోని తియ్యొద్దని నాకేం తెల్సు? ఆకు కోస్తె మొక్క బతుకుతదని ఎవ్వరు చెప్పలే."

రాఘవులు అంకుల్ గడ్డం గోక్కుంటూ, "అంటే ఇది మన 401కె రిటైర్మెంట్ ఫండ్ లాంటిదన్నమాట. ప్రిన్సిపల్ ముట్టుకుంటే పెనాల్టీ" అన్నారు.

"పెనాల్టీ ఎంతండీ?" అన్నారెవరో.

"ఏడేళ్ళు" అన్నాను.

డోరతీ గారు కర్ర ఊతంగా నిలబడి అంతా విన్నారు. ఆవిడ ముందు తలెత్తలేకపోయాను. ఆవిడేమన్నారో తెలుసా? "పోయినేడు ఆ గుంతలు చూసి జింకల పని అనుకున్నాను. తర్వాత చూస్తే ఒక జింక షాపింగ్ బ్యాగ్ మర్చిపోయి వెళ్ళింది." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈవలి ఒడ్డుని ఏడేళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు, ఆవల నీ గడులు వదిలేసి మిగతా చోట కత్తెరతో మొక్కకి ఒక్క ఆకే కోయాలి అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. మనవాళ్ళు దానికి తోడు రూల్ అని పేరు కూడా పెట్టేశారు.

అసలు సంగతి ఇప్పుడు విను! గుంతలు పూడ్చడానికి అందరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. రష్మి గడ్డిపరకలాంటిదాన్ని వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క కేక పెట్టింది. "అక్కా, గిది గడ్డి కాదు! ఉల్లి వాసనొస్తుంది!" పిల్లమొక్కలు, ఉజ్వలా! దారంలా సన్నగా, ఒక్కొక్క ఆకుతో. పాత విత్తనాలు మట్టిలో ఉండిపోయి మొలిచాయట. నేను, రష్మి కౌగిలించుకుని ఏడ్చేశాం. మొదటి గడిలో నలభై మూడు లెక్కపెట్టాను, నలిపినదాన్ని కూడా కలిపి. వాగుకి ఆవల రెండు గడులూ నిండుగా ఉన్నాయి. అవెలా బతికాయంటావా? పోయినేడు వాగు దాటి కొత్త షూస్ తడుపుకోవడం రష్మికి ఇష్టం లేక, అందరూ ఈవలే ఆగిపోయారు. తవ్విన నేల, తవ్వని నేల పక్కపక్కనే ఉన్నాయి. నీ లెక్కకి అదేమైనా పనికొస్తుందేమో మీ ప్రొఫెసర్‌ని అడుగు. సమర్థించుకోవడానికి ఈ మాట రాయడం లేదు.

ఎందుకంటే ఇంకో మాట మిగిలి ఉంది. ఉత్తరం మొదటి నుంచీ దాన్ని పక్కకి తోస్తూ వచ్చాను. పోయినేడు డోరతీ గారు ఒక పూట కూరకి కోసుకోమంటే నేను కోసుకొచ్చి పప్పు చేశాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అందరూ ఎక్కడ దొరికాయని ఒకటే అడగడం. పొంగిపోయాను. "వాగు దాకా నడవండి, పసుపు జెండాలు ఎక్కడ కనిపిస్తే అక్కడే" అని రాశాను. నువ్వు పాతిన జెండాలనే అడ్రసుగా ఇచ్చాను, ఉజ్వలా. వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. నువ్వు అన్నం పక్కన పెట్టి మరీ చెప్పావు.

రెండువందల పది అబద్ధం. గుంతలు చూసిన రోజు కార్లోంచి ఫోన్ చేసినప్పుడు "అమ్మా, ఎన్ని? ఎన్ని?" అని నువ్వు చిన్నపిల్లలా అడిగావు. ఉన్నమాట చెప్పడానికి నోరు రాలేదు. పోయినేటి నీ కాగితం ఒళ్ళోనే ఉంది, అందులో కనిపించిన అంకె చదివేశాను. ఆరేళ్ళ నీ కష్టం పక్కన నా అబద్ధం కూర్చోకూడదు. కోపం వస్తే కోప్పడు, ఫోన్ ఎత్తుతాను.

సెప్టెంబర్లో ఆవలి ఒడ్డున నల్లటి గింజలు పండుతాయట. కొన్ని తెచ్చి ఈవల చల్లడానికి పన్నెండు కుటుంబాలూ వస్తామన్నాయి. అవి చేతికొచ్చేసరికి నాకు అరవై దాటుతాయి. పరవాలేదు, ఉంటాను.

ఇప్పుడు కాగితం విప్పు. మొదటి గడి, నలభై మూడు, అన్నీ పిల్లమొక్కలే. నిన్న మళ్ళీ మూడుసార్లు లెక్కపెట్టాను, నలభై మూడే. చివర్న "తగ్గడానికి కారణం" అని ఒక వరుస ఉంది కదా, ఆరేళ్ళుగా నువ్వు ఖాళీగా వదిలిపెట్టింది. ఈసారి నేనే నింపాను. జింకలని రాయలేదు. నా పేరు రాశాను.

ఇట్లు,
నీ ఆకులు లెక్కపెట్టడం ఇప్పుడే నేర్చుకున్న
మీ అమ్మ,
కృష్ణవేణి