గుర్రాల కొట్టంలో తేమ

ఆగస్టు 14, గురువారం. రైల్లో

ఒక్కదాన్నే బయల్దేరాను. ఎదురు సీట్లో ఒకాయన ఉడికించిన గుడ్డు వొలుచుకుని తింటున్నాడు. పెంకులు నా వైపే పడుతున్నాయి. పల్లెలకు పోయే రైళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కుతారు.

ఫెలిసిటీ, రూపర్ట్ ఇద్దరూ నాతో కాలేజీలో చదివినవాళ్లే. తర్వాత ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు, వేరే ఎవరూ చేసుకోరు గనక. పదిహేనేళ్ల కింద లండన్ వదిలేసి, ష్రాప్‌షైర్‌లో ఒక ఊరు చూసుకుని ఉల్లిపాయలు పెంచుతున్నారు. లాయరు చదువు చదివి ఉల్లిపాయలు. ముసలివాళ్లమయ్యాక ముగ్గురం ఒకే చోట ఉందామే ప్రూ అని ఫెలిసిటీ ఇరవై రెండేళ్లప్పుడు అంది. అప్పుడు తాగి ఉంది. నేనూ తాగే ఉన్నాను, కానీ గుర్తుంది.

నేను అద్దెకుంటున్న ఫ్లాట్ అమ్మేస్తున్నారు. సెప్టెంబర్ 29 లోగా ఖాళీ చేయాలి. అరవై తొమ్మిదేళ్లకి ఇల్లు వెతుక్కోవడం. వీళ్ల పెరట్లో పాత గుర్రాల కొట్టాన్ని రెండు గదులుగా మార్చారు. ఎవరూ ఉండటం లేదు. అందులో ఉండమంటారేమో చూడాలి. అడగను. అడిగితే వాళ్లు కాదనలేరు. కాదనలేనివాళ్లను అడగడం మర్యాద కాదు. వాళ్లే అనాలి.

అదే రోజు, సాయంత్రం 6

ఆగస్టులో ఈ ఇంట్లో స్వెట్టరు వేసుకోవాలి. మంచి కుర్చీలో కుక్క కూర్చుంది. ఫెలిసిటీ దాన్ని లేపబోయి, అది గుర్రుమంటే దానికే సారీ చెప్పి, నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది.

లండన్ ఎలా ఉంది ప్రూ అన్నాడు రూపర్ట్. ఈమధ్య కాస్త గోలగా ఉంది అన్నాను. ఇంతకంటే విప్పి చెప్పడం నావల్ల కాదు. నీకు గోలంటే ప్రాణం కదా అన్నాడు. ఈ మనిషి కోర్టులో కేసులెలా గెలిచాడో.

ఆగస్టు 15, శుక్రవారం

వాన. రూపర్ట్ పొద్దుటి నుంచి భోజనాల దాకా పాత మేజోడుతో ఉల్లిపాయలు తుడిచాడు, రేపటి పోటీకట.

ఆగస్టు 16, శనివారం

ఊళ్లో కూరగాయల పోటీ. ఒక గుడారం, అందులో ఊరంతా, తడిసిన గొర్రెల వాసన. మెడలో హోదా గొలుసు వేసుకున్న ఒకాయన, జడ్జట, క్యారెట్లను స్కేలుతో కొలిచాడు. పెద్ద మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వీళ్లా ఒకప్పుడు ప్రపంచాన్ని ఏలింది.

ఫెలిసిటీ కేకుకు ఏమీ రాలేదు. చల్లారడానికి పెట్టిన ఇనప తడక గీతలు పైన పడ్డాయని మార్కులు కోసేశారు. చాలా న్యాయమైన తీర్పే అని జడ్జితో నవ్వుతూ అంది. కారు దగ్గరికెళ్లి ఏడ్చింది. నేను చూడనట్టు టైరు చూశాను.

తర్వాత టీ కోసం వరసలో నిలబడ్డప్పుడు, అటూ ఇటూ చూసి అంది. మా కొట్టం ఉంది కదే, వట్టి తేమ. కిటికీలు ఇంతింత చిన్నవి. ఎవరుంటారులే అందులో, నీలాంటిది ఒక్క రోజుండదు.

అంటే రావద్దని. యాభై ఏళ్ల స్నేహం, టీ వరసలో తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. లండన్‌లో ఎంత సుఖంగా ఉన్నానో అరగంట చెప్పాను. నాటకాలు, బస్సులు, మెట్లు దిగితే బేకరీ. చచ్చినా ఆ ఊరు వదలనన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. అసూయ.

ఆగస్టు 17, ఆదివారం

రూపర్ట్ నిచ్చెన కావాలని కొట్టం తలుపు తీశాడు. నేనూ వెంట వెళ్లాను.

తేమ లేదు. గోడలకి కొత్త పసుపు రంగు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఇనప కడ్డీ, వంకరగా, రూపర్ట్ స్వయంగా బిగించిందే అయి ఉంటుంది. గోడ నిండా పుస్తకాల అరలు. పై అరకు నా చెయ్యి అందింది. వాళ్లిద్దరూ నాకంటే మూరెడు పొడుగు. కోటు తగిలించే కొక్కెం సరిగ్గా నా భుజం ఎత్తులో ఉంది.

చలికాలం ఏం తోచక చేశాను అన్నాడు, తన బూట్లు చూసుకుంటూ. ఎవరికైనా పనికొస్తుందేమోనని. నీకు లండన్ బావుందిగా, నిన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నాం.

నాకోసం చేశారు. ఫెలిసిటీ నిన్న రమ్మనే అంది, ఇక్కడ ఇవ్వదలుచుకున్నదాన్ని ముందు చెత్త అనాలి కాబట్టి అలా అంది. నేనూ ఈ దేశంలోనే పుట్టాను, ఆ మాత్రం తెలియొద్దూ. నిన్న చచ్చినా వదలనని చెప్పి, ఇవాళ ఏ మొహం పెట్టుకుని అడగను. నోరు తెరిచాను. అరలు బావున్నాయి అన్నాను.

థాంక్యూ అన్నాడు. నిచ్చెన తీసుకోకుండానే తలుపు వేశాడు.

ఆగస్టు 18, సోమవారం. స్టేషన్‌లో

ఫెలిసిటీ సంచీడు ఉల్లిపాయలిచ్చింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నువ్వక్కడ సుఖంగా ఉన్నావు, మాకదే చాలు ప్రూ అంది. ఏమైనా ఇబ్బంది ఉంటే చెప్తావు కదే అని కూడా అంది. ఏ ఇబ్బందీ లేదన్నాను. రైలు వచ్చేదాకా వాన గురించి మాట్లాడుకున్నాం.

వెధవలం, ముగ్గురం.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఫెలిసిటీ ఉత్తరం. వాళ్ల ఊరి పోస్టాఫీసులో పనిచేసే మిసెస్ బాగ్నల్, కొట్టం ఖాళీగా ఉంది కదా నేనుంటాను అని మొహం మీదే అడిగేసిందట. ఎంత మోటు మనిషో చూడు, అలా అడిగేస్తే ఏం చెప్తాం, ఇచ్చేశాం అని రాసింది.

ఫ్లాట్ ఖాళీ చేయడానికి ఇంకా ఇరవై రోజులే ఉంది. చాలా సంతోషం అని కార్డు రాశాను. పైన మూలన నా అడ్రస్ రాసే చోటు ఖాళీగా వదిలేశాను.